కథ ఎవరు చెప్పారు?

ప్రపంచంలోని కథలన్నీ ఒక్కటే అనే మాట ఈ మధ్య మన సాహిత్య సభల్లో తరచు వినపడుతున్నది. ఎంతో ఇంపైన మాట. దేశాలు వేరైనా, భాషలు వేరైనా మానవ హృదయం ఒక్కటే అంటే కాదనే మూర్ఖుడెవడు? అందుకనే ఈ మాట అన్న వక్తకు చప్పట్లు తప్పవు. నేనూ కొట్టాను. కొట్టినందుకు ఇప్పుడు సంజాయిషీ రాసుకుంటున్నాను.

సంగతి ఇది. కిందటి ఏడు ఒక కళాశాలలో జరిగిన సభలో ఒక పండితులు విశ్వకథాసాహిత్యంలోని ఏకాత్మత గురించి గంటన్నర సేపు ప్రసంగించారు. వారి జ్ఞాపకశక్తికి నమస్కరించవలసిందే. మొదటి ముప్పావుగంటలో ప్రపంచ కథలన్నిటికీ భారతదేశమే పుట్టిల్లన్నారు. రెండో ముప్పావుగంటలో కథలు ఎక్కడా పుట్టవనీ, మానవుని అంతరాత్మలో అనాదిగా ఉన్నాయనీ సెలవిచ్చారు. ఈ రెండు మాటలూ ఒకదానితో ఒకటి పొసగవని అక్కడ ఎవరికీ తట్టలేదు. అధ్యక్షస్థానంలో కూచున్న నాకూ తట్టలేదు. సభ ముగిసి బయటికి వస్తుంటే బి.ఏ. చదివే ఒక అమ్మాయి నా పక్కనే నడుస్తూ, "మాస్టారూ, ఆ కథలన్నీ ఎవరు చెప్పారండీ? ఆయన ఒక్కళ్ల పేరైనా చెప్పలేదేం?" అని అడిగింది.

"జానపదులమ్మా" అన్నాను.

"జానపదులంటే ఎవరండీ?" అన్నది.

ఇంతలో నా బస్సు వచ్చింది. బస్సు ఆ పూటకు నన్ను రక్షించిందే గాని, ప్రశ్న నన్ను వదలలేదు.

కథలు ప్రయాణం చేస్తాయన్నది నిజమే. పంచతంత్రం 6వ శతాబ్దంలో ఇరాన్ చక్రవర్తి ఖుస్రో అనూషిర్వాన్ కొలువులోని బుర్జోయ్ అనే వైద్యుని చేతి మీదుగా పహ్లవీ భాషలోకి పోయింది. 8వ శతాబ్దంలో ఇబ్న్ అల్ ముకఫ్ఫా దాన్ని అరబ్బీలో రాశాడు. మన కరటక దమనకులు అక్కడ కలీలా దిమ్నాలయారు. అక్కడినుంచి హీబ్రూ, లాటిన్, స్పానిష్ భాషలకు పాకి, 1678లో ఫ్రెంచి కవి లా ఫోంతేన్ తన నీతికథల రెండో సంపుటంలో పిల్పే అనే భారతీయ జ్ఞానికి ఋణపడి ఉన్నానని చెప్పుకునేదాకా వచ్చింది. 1859లో జర్మన్ పండితుడు తియొడోర్ బెన్ఫీ పంచతంత్రాన్ని అనువదించి, ఐరోపాలోని అద్భుత కథలు చాలా భాగం భారతదేశం నుంచే వచ్చాయని సిద్ధాంతం చేశాడు. మన దేశభక్తులకు ఇంతకన్న ఏం కావాలి? అయితే ఆ బెన్ఫీయే జంతువుల నీతికథలు ఎక్కువ భాగం గ్రీకుల నుంచి మనకు వచ్చాయని కూడా రాశాడు. ఆ పుట మనవాళ్లు తిప్పరు.

పోనీ, ఆ కథ మనదే అనుకుందాం. బయలుదేరిన కథే అవతలి ఒడ్డుకు చేరిందా? చిన్నయసూరి నీతిచంద్రిక చదువుకున్న ప్రతివాడికీ మిత్రభేదం తెలుసు. సింహానికీ ఎద్దుకూ మధ్య దమనకుడు చిచ్చు పెడతాడు. పింగళకుడు సంజీవకుణ్ణి చంపుతాడు, చంపి ఏడుస్తాడు. సంస్కృత పంచతంత్రంలో అప్పుడు దమనకుడేం చేస్తాడు? రాజులకు ఇటువంటి విచారం తగదని ఓదార్చి, మంత్రిగా సుఖంగా ఉంటాడు. కథ అంతే. రాజనీతిశాస్త్రం నేర్చుకునే రాకుమారులకు అంతకన్న అక్కరలేదు. అరబ్బీ కథ అక్కడ ఆగదు. దిమ్నాను పట్టి బంధిస్తారు. విచారణ జరుగుతుంది. సాక్షులు వస్తారు. దిమ్నా ఎంతో తెలివిగా వాదించుకుంటాడు గాని, చివరకు శిక్ష తప్పదు. ఈ అధ్యాయం ఇబ్న్ అల్ ముకఫ్ఫా చేర్చిందేనని పండితుల అభిప్రాయం. అతనెవరు? అబ్బాసీ ఖలీఫాల తొలిరోజుల్లో పెద్ద అధికారుల దగ్గర లేఖకుడు. కొలువులో చాడీలు ఎలా పనిచేస్తాయో ఎరిగినవాడు. ఆ కొలువు రాజకీయాల్లోనే బస్రాలో దారుణంగా చంపబడినవాడు. అటువంటివాడు దమనకుణ్ణి ఊరికే వదలగలడా? చాడీకోరు మంత్రిపదవిలో నిలిచే కథా, న్యాయస్థానంలో నిలబడే కథా ఒక్కటేనని చెప్పేవారు, నా ఉద్దేశంలో, కథను వినలేదు. దాని ఎముకలు లెక్కపెట్టారు.

ఎముకలు లెక్కపెట్టడం కూడా ఒక విద్యే. 1893లో మేరియన్ రోల్ఫ్ కాక్స్ అనే ఇంగ్లీషు స్త్రీ సిండ్రెల్లా కథకు 345 రూపాలు పోగుచేసింది. ఆ శ్రమను నేను చులకన చేయను. అయితే ఆ కథలో నేను చెప్పదలచుకున్న రూపం ఆమె పట్టికలో ఉన్నవాటికన్న విచిత్రమైనది.

9వ శతాబ్దంలో చీనాలో తువాన్ చెంగ్‌షీ అనే అధికారి ఉండేవాడు. వింతలు విశేషాలు పోగుచేసి ఒక సంకలనం కూర్చాడు. అందులో యే షియెన్ అనే పిల్ల కథ ఉన్నది. దక్షిణాదిన గుహల్లో నివసించే జనంలో ఒక నాయకుడు. అతని భార్య చనిపోయింది, కొన్నాళ్లకు అతనూ చనిపోయాడు. సవతితల్లి ఆ పిల్లను ఎత్తైన కొండల మీదికి కట్టెలకూ, లోతైన నీళ్లకూ పంపేది. పిల్ల ఒక చేపను పెంచుకున్నది. సవతితల్లి దాన్ని చంపి, వండుకు తిని, ఎముకలు పెంటలో పూడ్చింది. ఆకాశం నుంచి ముతకబట్టల మనిషి ఒకడు దిగివచ్చి, ఏడవవద్దనీ, ఆ ఎముకలు తెచ్చి దాచుకుంటే అడిగినవన్నీ ఇస్తాయనీ చెప్పాడు. పండగనాడు పిల్ల నీలి ఈకల పైటా బంగారు చెప్పులూ వేసుకుని వెళ్లింది. ఒక చెప్పు జారింది. అది చేతులు మారి ఒక ద్వీపపు రాజు దగ్గరికి చేరింది. ఇక్కడిదాకా మీకు తెలిసిన కథే. ఫ్రాన్సులో, జర్మనీలో పెళ్లితో కథ కంచికి పోతుంది. ఇక్కడ పోదు. రాజు ఆ పిల్లను పెళ్లాడి, చేప ఎముకలు కూడా తీసుకుపోయాడు. ఒక ఏడాది అంతులేని ఆశతో రత్నాలూ మణులూ అడిగాడు. మరుసటి ఏడు ఎముకలు ఇవ్వడం మానేశాయి. రాజు వాటిని ముత్యాలూ బంగారంతో కలిపి సముద్రతీరాన పాతిపెట్టాడు. తరవాత సైనికులు తిరగబడినప్పుడు వాటిని తవ్వి సైన్యానికి ఖర్చుపెడదామనుకుంటే, ఒక్క రాత్రిలో సముద్రపు పోటుకు అంతా మునిగిపోయింది.

పిల్ల అడిగితే బట్ట ఇచ్చిన ఎముకలు, రాజు అడిగితే ఏడాదికే ఎండిపోయాయి. పిల్లకు ఒక పండగకు సరిపోయేది కావాలి, రాజుకు అంతు లేదు. రాజకుమారునితో పెళ్లి కావడమే లోకంలోని దుఃఖాలన్నిటికీ మందు అనే నమ్మకం ఈ కథ చెప్పినవాడికి లేదు. ఎవడు వాడు? ఇక్కడే తువాన్ చెంగ్‌షీ అనే ఆ పాతకాలపు అధికారి మన పండితులెవరూ చేయని పని చేశాడు. కథ చివర చెప్పినవాడి పేరు రాశాడు. లీ షియువాన్. తమ ఇంట చిరకాలంగా పనిచేసిన నౌకరు. నేడు క్వాంగ్‌సీ రాష్ట్రంలోని నానింగ్ ప్రాంతానికి ఆనాడు యుంగ్‌చౌ అని పేరు. లీ షియువాన్ అక్కడి గుహల జనంలోని మనిషి. దక్షిణాది వింతలు చాలా జ్ఞాపకమున్నవాడు. సామ్రాజ్యపు అంచున కొండల్లో పుట్టి, ఒక అధికారి ఇంట ఊడిగం చేస్తున్నవాడికి, బంగారం కోసం పైనుంచి దిగివచ్చే రాజులు ఎలాంటివాళ్లో ఎవరైనా నేర్పాలా?

ఇప్పుడు ఇదే చెప్పును 1697లో పారిస్‌లో చూడండి. శార్ల్ పెరో పద్నాలుగో లూయీ ప్రభుత్వంలో, మంత్రి కొల్బేరు కింద పనిచేసిన పెద్ద ఉద్యోగి. అతని సిండ్రెల్లా అక్కలను క్షమించి, కోటకు తీసుకుపోయి, ఇద్దరు ప్రభువులకిచ్చి పెళ్లి చేస్తుంది. కథ చివర పెరో రెండు నీతులు అతికించాడు. రెండో నీతి సారాంశం: తెలివీ ధైర్యమూ ఎన్ని ఉన్నా, పలుకుబడి గల పెద్దదిక్కు లేకపోతే పైకి రాలేరు. కొలువులో బతికినవాడి అనుభవం! ఇందులో నేను అతన్ని తప్పుపట్టను. అతను తనకు తెలిసిన లోకాన్నే రాశాడు. ఆ పుస్తకానికి ముందు ఒక బొమ్మ ఉన్నది. పొయ్యి దగ్గర ముసలమ్మ ఒకతె దారం వడుకుతూ కథ చెబుతుంటుంది, పిల్లలు వింటుంటారు. బొమ్మ వేయడానికి ముసలమ్మ కావలసివచ్చింది. పేరు మాత్రం ఎక్కడా లేదు.

గ్రిమ్ సోదరుల దగ్గర సంగతి మరీ ఆసక్తికరం. 1812లో మొదటి సంపుటం, 1815లో రెండోది, 1857లో ఏడో కూర్పు. ఈ నలభై అయిదేళ్లూ ముఖ్యంగా విల్‌హెల్మ్ గ్రిమ్ కథలను దిద్దుతూనే ఉన్నాడు. దేశంలో కరువు వచ్చి, కట్టెలు కొట్టుకునేవాడి ఇంట్లో రొట్టె లేక, పిల్లలిద్దరినీ అడవిలో వదిలిరమ్మని భార్య అంటుంది గదా, హేన్సెల్ గ్రెటెల్ కథలో. 1812 కూర్పులో ఆమె ఆ పిల్లల కన్నతల్లి. 1840 కూర్పుకు సవతితల్లి అయింది. స్నోవైట్ తల్లికి ఈ మార్పు ఇంకా ముందే, 1819లోనే జరిగింది. ఎందుకంటారు? మధ్యతరగతి ఇంట్లో పిల్లలకు చదివి వినిపించే పుస్తకంలో కన్నతల్లి అటువంటి మాట అనరాదు. ఇంతకీ పోయింది ఏమిటి? తల్లి పరువు నిలిచింది, నిజమే. ఆకలి పోయింది. కన్నతల్లి చేత కన్నబిడ్డలను అడవికి పంపించగల ఆకలి ఆ కథలో అసలైన రాక్షసి. సవతితల్లి రాగానే కరువు ఒక దుష్టురాలి గుణదోషం అయి కూచున్నది. ఒక్క మాట మార్పుతో ఒక వ్యవస్థ మీది నేరాన్ని ఒక ఆడదాని మీదికి తోసివేయవచ్చునని గ్రిమ్‌లు బహుశా ఎరగరు. మనం ఎరగాలి.

ఇక అంతరాత్మవాదులు. మాక్స్ ముల్లర్ 1856లో మొదలుపెట్టి పురాణగాథలన్నిటిలోనూ సూర్యోదయ సూర్యాస్తమయాలే చూశాడు. 1870లో ఒక చిలిపి విద్వాంసుడు అదే పద్ధతిన మాక్స్ ముల్లరే సూర్యుడనీ, అలాంటి మనిషి లేడనీ రుజువుచేశాడు. ఆ వాదం ఆ నవ్వుతోనే సగం చచ్చింది. 1949లో అమెరికాలో జోసెఫ్ కాంప్‌బెల్ వేయి ముఖాల వీరుడొక్కడే అన్నాడు. ఇల్లు విడుస్తాడు, కష్టపడతాడు, గెలుస్తాడు, తిరిగివస్తాడు. హాలీవుడ్ రచయితలకు అది పెద్దబాలశిక్ష అయింది. ఇల్లు విడవడానికి కుదరనివాళ్ల మాటేమిటి? ఇంటినుంచి గొలుసులతో ఈడ్చుకుపోబడినవాళ్ల మాటేమిటి?

ఆ రెండో ప్రశ్నకు జవాబుగా ఒక కుందేలు ఉన్నది.

ఆఫ్రికా పడమటి తీరాన అకాన్ జనుల్లో అనాన్సీ అనే సాలీడు కథలు ప్రసిద్ధం. బానిసల ఓడల్లో మనుషులతోపాటు కథలూ అట్లాంటిక్ దాటాయి. జమైకాలో సాలీడు సాలీడుగానే నిలిచాడు. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో ఆ జిత్తులమారి వేషం ఎక్కువగా కుందేలుకు దక్కింది. అక్కడ పుట్టిన తారుబొమ్మ కథ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. నక్క తారుతో బొమ్మ చేసి దారిలో పెడుతుంది. కుందేలు పలకరిస్తే బొమ్మ పలకదు. కోపం వచ్చి కొడితే చెయ్యి అంటుకుంటుంది, రెండో చెయ్యి, కాలు, రెండో కాలు, చివరకు తల. అప్పుడు నక్క వచ్చి ఎలా చంపుదామా అని ఆలోచిస్తుంటే, కుందేలు కాల్చమంటుంది, ఉరితీయమంటుంది, ముంచమంటుంది గాని ముళ్లపొదలో మాత్రం పారవేయవద్దని బతిమాలుతుంది. దానికి ఎక్కువ బాధ కలిగించాలని నక్క ముళ్లపొదలోకే విసిరేస్తుంది. కుందేలు పుట్టి పెరిగింది ముళ్లపొదలోనే.

మా సభలోని పండితులు ఈ కథను చెప్పి, ఇది మన బౌద్ధ జాతకకథే అన్నారు. ఆ మాట వారి సొంతం కాదు. 1892లో జోసెఫ్ జేకబ్స్ అన్నదే. 55వ జాతకంలో పంచాయుధ కుమారుడు తక్షశిలలో విద్య ముగించుకు వస్తూ, అడవిలో జిగురువెంట్రుకల యక్షుణ్ణి ఎదిరిస్తాడు. రెండు చేతులూ, రెండు కాళ్లూ, తలా అంటుకుపోతాయి. అయిదుచోట్లా బంధితుడైనా భయపడడు. తనలో జ్ఞానమనే వజ్రాయుధం ఉన్నదంటాడు. యక్షుడు బెదిరి వదులుతాడు. కుమారుడు అతనికి పంచశీలాలు బోధిస్తాడు.

అతుక్కోవడం రెంటిలోనూ ఉన్నది. వాదానికి ఒప్పుకుందాం, ఆ అతుక్కోవడం ఇక్కడినుంచే పోయిందనుకుందాం. కాని విడిపించుకోవడం ఎవరిది? రాకుమారుడికి చదువున్నది, వంశమున్నది, తాను బోధిసత్త్వుడు. శత్రువుకు ధర్మం చెప్పి మార్చగలడు. పత్తితోటలోని బానిసకు యజమానికి ధర్మం చెప్పే హక్కు ఉన్నదా? నోరెత్తితే కొరడా. అతనికున్నది ఒక్కటే. యజమాని ఏది నరకమనుకుంటాడో, ఆ ముళ్లలో తాను పుట్టాడు, అక్కడి దారులు తనకు తెలుసు, యజమానికి తెలియవు. తనను చావగొట్టాలనే యజమాని కోరికనే తన విడుదలకు వాడుకుంటాడు. ఇది బోధిసత్త్వుని కథ కాదు. ఎన్నటికీ కాదు. మన దేశం పేరు దాని మీద ముద్ర వేసి గర్వపడడమంటే, ఎవరి వీపు మీది వాతలనో మన పతకాలుగా తగిలించుకోవడమే.

ఈ కథను లోకానికి అచ్చులో ఇచ్చినవాడు జోయెల్ చాండ్లర్ హారిస్. జార్జియా రాష్ట్రంలో పిల్లవాడుగా అచ్చుపని నేర్చుకుంటూ ఒక తోటలో ఉన్నప్పుడు అక్కడి బానిసల నోట విన్నాడు. 1880లో పుస్తకం వేశాడు. కథలను చాలా శ్రద్ధగా పట్టుకున్నాడని విమర్శకులే ఒప్పుకుంటారు. అయితే వాటిని ఒక చట్రంలో పెట్టాడు. అంకుల్ రీమస్ అనే ముసలి నల్లవాడు, యజమానురాలి తెల్లపిల్లవాణ్ణి దగ్గర కూచోబెట్టుకుని, పాతరోజులు తలుచుకుంటూ ముద్దుముద్దుగా చెబుతుంటాడు. కథలోని కుందేలు నక్కను మోసం చేస్తుంటుంది. కథ చెప్పేవాడు మాత్రం నక్కగారి ఇంటిని ప్రేమిస్తుంటాడు! 1946లో డిస్నీ సంస్థ దీన్నే పాటలతో సినిమా తీస్తే నల్లజాతి హక్కుల సంఘం నిరసన తెలిపింది. ఆ నిరసన కుందేలు మీద కాదు, చట్రం మీద.

ఇంతవరకు చదివి మన మిత్రులు కొందరు సంతోషించి ఉంటారు. ఆ సంతోషం నాకంత నచ్చడం లేదు. ఎందుకంటే మనకూ ఒక చట్రం ఉన్నది.

కుందేలును మనం వెంటనే విప్లవకారుణ్ణి చేసేస్తాం. ఆ కుందేలు అవసరమైతే తనకన్న చిన్నవాళ్లను కూడా మోసం చేస్తుంది. అనాన్సీ సొంత పెళ్లాంబిడ్డల తిండి కాజేస్తాడు. ఆకలి మనిషిని ఎప్పుడూ ఉదాత్తుణ్ణి చేయదు. ఆ సంగతి కథ చెప్పినవాళ్లకు తెలుసు, మనమే మరిచిపోతాం. 1934లో సోవియట్ రచయితల మహాసభలో మక్సీం గోర్కీ జానపదవాఙ్మయానికి మూలం శ్రమే అన్నాడు. గొప్ప మాట. చాలామంది కళ్లు తెరిపించిన మాట. కాని ఆ తరవాత జరిగింది ఏమిటి? తెల్లసముద్ర తీరపు గాయని మార్ఫా క్ర్యూకొవా వంటివాళ్ల పక్కన రచయితలను కూచోబెట్టి, పాత వీరగాథల బాణీలో నాయకుల మీద కొత్త గాథలు కట్టించారు. 1937లో లెనిన్ మీద ఆమె గాథ వచ్చింది. స్టాలిన్ మీద వచ్చినవాటికి లెక్కలేదు. 1953 తరవాత అక్కడి పండితులే ఇవి నకిలీ జానపదాలని ఒప్పుకోవలసివచ్చింది. అదే దేశంలో 1928లో అద్భుత కథల నిర్మాణాన్ని విడదీసి చూపిన వ్లదీమిర్ ప్రోప్, 1946లో ఆ కథల చారిత్రక మూలాలు వెతికితే, విదేశీ పండితులను ఉదహరించాడని అతని మీద దాడి చేశారు. ముసలిగాయని చేత మనకు కావలసింది పాడించడమూ, రీమస్ నోట యజమానికి కావలసింది పలికించడమూ ఒకే జాతి పనులు అంటే మన మిత్రులకు కోపం రావచ్చు. రానివ్వండి.

మన జనం కథల్లో విషం ఉండదని కూడా అనుకోరాదు. బాలనాగమ్మ కథ వినని తెలుగువాడు లేడు. మాంత్రికుడి ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉంటుంది. రష్యాలో కొషేయ్ ప్రాణం బాతు కడుపులోని గుడ్డులో, ఆ గుడ్డులోని సూదిమొనలో ఉంటుంది. ఇక్కడ మాంత్రికుడు ఒక నోట మాయలఫకీరు, ఇంకొక నోట మాయలమరాఠీ. ఊళ్ల మీద పడిన దండులను తలుచుకున్నారో, పక్కవాడి మతాన్ని చూసి జడిశారో గాని, భయానికి ఒక జాతి పేరో మతం పేరో తగిలించారు. ఆ పేరును తరవాత సినిమాలూ పిల్లల పుస్తకాలూ అలాగే మోశాయి. "ప్రజల నోట వచ్చింది గనుక ప్రజాస్వామికం" అనేవారు దీనికేమంటారు?

ఇదే చిలక 1868లో లండన్‌లో అచ్చయిన 'ఓల్డ్ డెక్కన్ డేస్' మొదటి కథలో ఉన్నది. మాంత్రికుడి పేరు పంచ్‌కిన్. అతని చెరలో ఏళ్ల తరబడి లొంగకుండా ఉన్న ఆమె పేరు బాల్నా! పుస్తకం మీది పేరు ఎం. ఫ్రియర్, అంటే బొంబాయి గవర్నరుగారి కుమార్తె మేరీ ఫ్రియర్. కథలు చెప్పింది ఆమె ఆయా అన్నా లిబెరాటా డిసౌజా. మేరీ ఫ్రియర్‌కు న్యాయం చేయాలి. ఆయా పేరూ, ఆయా తన నోట చెప్పుకున్న బతుకు సంగతులూ పుస్తకంలో వేసింది. అయినా నాకొక అనుమానం. గవర్నరుగారి బిడ్డకు చెప్పిన కథా, వంటింటి వెనక తోటి ఆయాలకు చెప్పే కథా ఒక్కలాగే ఉంటాయా? ఆ రెండో కథను అచ్చువేసినవారు లేరు. ఉత్తరాదిన విలియం క్రుక్ అనే ఐ.సి.ఎస్. అధికారికి కథలు పోగుచేసి ఇంగ్లీషు చేసి ఇచ్చిన పండిత రామ్ గరీబ్ చౌబే శ్రమకు తగిన చోటు దొరకడానికి 2006లో సాధనా నైథానీ పుస్తకం రావలసివచ్చింది. వందేళ్లు!

నా బస్సు నన్ను రక్షించిందన్నాను. దేన్నుంచి రక్షించిందో కూడా చెప్పాలి.

మా ఊరు కృష్ణా డెల్టాలోది. నా చిన్నతనంలో మా ఇంటికి దంపుళ్లకు ఒకామె వచ్చేది. వడ్లు దంచి, చేటతో చెరుగుతూ, చుట్టూ చేరిన పిల్లలకు కథలు చెప్పేది. ఏడుగురు రాజకొడుకులు వేటకు పోయి ఏడు చేపలు తెస్తే ఒక చేప ఎండని కథ మీ అందరికీ తెలుసు. చేప ఎందుకు ఎండలేదంటే గడ్డిమోపు అడ్డం వచ్చింది. మోపు ఎందుకు అడ్డం వచ్చిందంటే ఆవు మేయలేదు. ఆవు ఎందుకు మేయలేదంటే పాలేరు మేపలేదు. పాలేరు ఎందుకు మేపలేదంటే, ఇప్పుడు పుస్తకాల్లో ఉన్న సమాధానం, అవ్వ బువ్వ పెట్టలేదు. మా ఇంట్లో వడ్లు దంచిన ఆమె అలా చెప్పేది కాదు. "కామందు గారి పెళ్లాం బువ్వ పెట్టలే" అనేది. ఆ మాట అనేటప్పుడు వసారాలో మా అమ్మ ఉన్నదీ లేనిదీ ఒకసారి చూసుకునేది. పిల్లలం నవ్వేవాళ్లం. ఎందుకు నవ్వేవాళ్లమో అప్పుడు తెలియదు.

దాదాపు నలభై ఏళ్ల కిందట ఒక పిల్లల పత్రిక వారడిగితే ఆ కథ రాసి పంపాను. "కామందు గారి పెళ్లాం" అనే చోట "అమ్మ" అని రాశాను. పత్రికవారు మార్చమనలేదు. సంపాదకుల మీద నెపం వేయడానికి కూడా లేదు. పిల్లలకు అంత కటువుగా ఎందుకులే అనుకున్నాను. కథ కింద "సేకరణ" అని నా పేరు వేశారు. అయిదు రూపాయలో పదో పంపారు కూడా. గ్రిమ్ కన్నతల్లిని కాపాడటానికి సవతితల్లిని తెచ్చాడు. నేను కామందు భార్యను కాపాడటానికి పాలేరుకు ఒక తల్లిని తెచ్చి, తిండి పెట్టని నేరం ఆమె నెత్తిన వేశాను. పోల్చిచూస్తే గ్రిమ్ నయం. ఆయన డొరొతియా వీమన్ అనే దర్జీ భార్య ఎన్ని కథలు చెప్పిందో, కాసెల్ పక్కన ఏ ఊరిదో ముందుమాటలో రాశాడు. 1819 కూర్పులో ఆమె బొమ్మ వేయించాడు. ఆమెను అచ్చమైన పల్లెటూరి జర్మన్ స్త్రీ అన్నాడు గాని, ఆమె పూర్వీకులు ఫ్రాన్సు నుంచి తరలివచ్చిన వాళ్లని తరవాత తేలింది. అది వేరే సంగతి. పేరంటూ మిగిలింది.

సభ జరిగిన వారానికి మా అక్కయ్యకు ఫోను చేసి ఆ దంపుళ్లామె పేరు అడిగాను. అక్కయ్యకు ఎనభై దాటాయి. చాలాసేపు ఆలోచించి, "దంపుళ్లావిడేరా, పేరేమిటి?" అన్నది. ఆమెకు కొడుకు ఉండేవాడనీ, మా చేలోనే పాలేరుగా ఉండేవాడనీ మాత్రం చెప్పింది. ఆ సంగతి నేనెరగను. ఎరగనా, ఎరిగీ మరిచానా చెప్పలేను. ఆ పిల్లవాడు ఏ పూట తినకుండా ఆవుల వెంట పోయాడో, ఆ తల్లి ఆ పూట ఎవరి వసారా కేసి చూస్తూ కథ చెప్పిందో ఇప్పుడు అడగడానికి ఎవరూ లేరు.

ప్రశ్న అడిగిన అమ్మాయికి ఈ సంగతంతా చెప్పాను. ఆ అమ్మాయి ఏమీ అనలేదు. తమ ఊళ్లో పత్తి తీతకు పోయే ఆడవాళ్ల దగ్గర తాను రాసుకున్న కథల పుస్తకం చూపించింది. ప్రతి కథకూ ముందు చెప్పినామె పేరు, ఊరు, ఏ పనిలో ఉండగా చెప్పిందో రాసి ఉన్నది. రెండుచోట్ల, "ఈ ముక్క రాయవద్దన్నది" అని రాసి, ఆ ముక్క వదిలేసి ఉన్నది. నేను మొదట ఆ ఖాళీలను తప్పుపట్టబోయి ఊరుకున్నాను.

నా కథ మళ్లీ అచ్చుకు వెళుతున్నది. "సేకరణ" అన్న చోట నా పేరు తీసేశాను. "మా ఇంట వడ్లు దంచిన ఆమె చెప్పింది, ఆమె పేరు మేము తెలుసుకోలేదు" అని వేయమన్నాను. పాలేరుకు బువ్వ పెట్టనిది కామందు గారి పెళ్లామే.